మూడు ఊర్లకు ఒక్క పుస్తకం

మా వాడు పోయాడు. కామెర్లన్నారు. ఆకుపసరు పోశాము, ప్రొద్దుటూరు డాక్టరుకూ చూపించాము. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున కన్నుమూశాడు. మీలో చాలామందికి జమ్మలమడుగు లైబ్రరీ ఆయనగా తెలుసు. నాకు కొడుకు. నేను చదివింది మూడో తరగతి, తప్పులుంటే మన్నించండి. వాడుంటే దిద్దేవాడు, దిద్దుతూ నా ప్రాణం తీసేవాడు.

విసిగించడంలో వాడికి సాటి లేరు. నేను గంజి వార్చి పక్కన పెడితే పుస్తకాల అట్టలకు పూసేసేవాడు. నా పాత చీరలు చింపి పుస్తకాల వెన్నుకు అంటించేవాడు. ఆ లైబ్రరీలో ఏ బీరువా తెరిచినా నా చీరలే కనపడతాయి. వేంపల్లెలో పిల్లను చూడబోయి, ఆ ఇంటి పెద్దాయనతో పుస్తకాల మాటల్లో పడ్డాడు. తిరిగొచ్చే బస్సులో "పిల్ల ఎట్లుందిరా?" అని అడిగితే "ఏ పిల్లమ్మా?" అన్నాడు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఆ లావు నవల సంగతే ఓర్చుకోలేకపోయాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, మూడు లైబ్రరీలకూ కలిపి అది ఒక్కటే వచ్చింది. చదవాలని మూడు ఊర్లలోనూ కాచుకున్నారు. ఒకరోజు చూస్తే మా వాడు నడవలో కూర్చుని దాన్ని కత్తితో మూడు ముక్కలు కోస్తున్నాడు.

"ఏందిరా ఈ పని? సర్కారు పుస్తకం గదరా!"

"సంగటి ముద్ద ఒకటే ఉంటే ముగ్గురికీ తుంచి పెట్టవా అమ్మా? ఇదీ అంతే."

"సంగటికి ముందూ వెనకా ఉండదు. కథకు ఉంటాది."

వింటేనా! మూడు లైబ్రరీలవాళ్లూ ఊరికొక ముక్క పంచుకున్నారు. నెల తిరిగేసరికి గోతంలో చుట్టి, బస్సు కండక్టరు చేతికిచ్చి మార్చుకోవాలని మాట. నేను చెప్పినట్టే అయింది. పులివెందులకు ముందుగా పోయింది చివరి ముక్క. ఆ ఊరివాళ్లు ప్రొద్దుటూరికి బేరానికి వస్తూ బస్సులోనే కథంతా చెప్పేసేవారు.

"ఆ కోడలు బతకదులేప్పా, ఊరికే ఆశ పెట్టుకోవాకండి."

"మాకింకా పెండ్లే కాలేదు, అప్పుడే సంపేస్తివా?" అని ప్రొద్దుటూరివాళ్లు మీదికి లేచేవారు.

మా వాడేమో నవ్వేవాడు. "చూడమ్మా, మొగం తెలీనోళ్లంతా మాట్లాడుకుంటాండారు." కోపమొచ్చి నేను బిందె తీసుకుని నీళ్లకు పోయేదాన్ని.

వాడు పోయిన పదిహేనో రోజు పైఆఫీసు నుంచి తనిఖీకి ఒకాయన వచ్చాడు. నన్ను లైబ్రరీకి పిలిపించాడు. ముక్కలు ఇంకా ఒక్కసారీ మారలేదు, బీరువాలో ఆ నవల నడిమి ముక్క ఒక్కటే ఉంది. దాని మొదటి పేజీలో "కోసినవాడిని నేనే" అని మా వాడు సంతకంతో సహా రాసిపెట్టాడు. ఎవరైనా అట్లా రాస్తారా?

"ఎల్లుండి నేను వెళ్లేలోపు పుస్తకం పూర్తిగా చూపించాలమ్మా. లేకపోతే పాడుచేసినవాడని మీవాడి పేరే రాయాల్సి వస్తుంది" అన్నాడు ఆయన.

పుస్తకంలో ఒక పేజీ మూల మడిచినా నన్ను కసిరినవాడు వాడు. వాడి పేరు పక్కన ఆ మాటా?

మరునాడు తొలి బస్సుకు ప్రొద్దుటూరు పోయాను. అక్కడి లైబ్రరీ చూసుకునే సాయిబును మా వాడు మామా అని పిలిచేవాడు. ఆయన నన్ను చూడగానే మొదటి ముక్క తెచ్చి చేతిలో పెట్టి, కండ్లు తుడుచుకున్నాడు.

"అక్కా, కోద్దామన్నది నేను. పులివెందులాయన సరే అన్యాడు. ముగ్గురం కలిసి చేసిన పని. సంతకం కాడికొచ్చేసరికి, 'మీకు పెండ్లాం బిడ్డలుండారు, నాకెవరుండారు మామా' అని వాడొక్కడే పెట్టినాడు."

నాకు ఒళ్లు మండింది. నాకెవరున్నారు అన్నాడట. మరి నేనెవర్ని?

సాయిబు అప్పటికప్పుడు పులివెందుల బస్సెక్కాడు. తెల్లవారి ఆ ఊరి లైబ్రరీ ఆయనతో కలిసి చివరి ముక్క తీసుకుని జమ్మలమడుగు వచ్చాడు. మూడు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పేర్చి, వాడి దబ్బనంతోనే, వాడి మైనపుదారంతోనే కుట్టాను. వాడి సంతకం కింద వాళ్లిద్దరూ సంతకాలు పెట్టారు. తనిఖీ ఆయన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, ఆ మూడు సంతకాలనూ చాలాసేపు చూశాడు. "కుట్టి బాగుచేశారు" అని రాసుకుని పోయాడు. పాడుచేసినవాడన్న మాట రాయలేదు.

అయిపోయిందనుకున్నాను. మొన్న పులివెందుల వైపు నుంచి గొర్రెలు మేపే పెద్దాయన ఒకరు వెతుక్కుంటూ వచ్చాడు.

"కుట్టేసినావంట గదమ్మా. మేము కడముక్క సదివి కూర్చోనుండాము. మొదలు మాకెప్పుడొస్తాది?"

"మొత్తం ఎత్తుకుపోప్పా, నీకు పుణ్యముంటాది."

"మొత్తం ఎత్తుకుపోతే ఈడోళ్లేం సదువుతారు?"

అచ్చం మా వాడి మాట! పోయి కూడా నాకు పని పెడుతూనే ఉన్నాడు. విసుక్కుంటూ బీరువా తెరిపించి పుస్తకం బయటికి తీయించాను. దాని వెన్ను మీద నా ఆకుపచ్చ చీర పేలిక ఉంది. కుట్టిన రోజు దారం చివర, పుస్తకాల గోతాలకు మా వాడు వేసే ముడే నేనూ వేశాను, కొస లాగితే ఊడిపోయేది. ఎందుకట్లా వేశానో ఆరోజు నాకే తెలియదు. కొస జానెడు బయటికి వదిలాను.

"అదిగో, లాగు" అన్నాను.

పెద్దాయన చెయ్యి చాచాడు. నా మొహం చూసి ఆగాడు. ఇద్దరి మధ్యా ఆ దారం కిటికీ గాలికి ఊగుతూ ఉంది.