చల్లారని మూత

గుంటూరు స్టేషన్లో రైలు కదలబోతుండగా మా ఆవిడ కిటికీ దగ్గరకొచ్చి చెప్పిన మాట ఇది: "అడవిలో దిబ్బరొట్టె కాలుస్తారా? సరే, కాల్చినట్టు ఒక ముక్క తెచ్చి చూపించండి. మీ నోటిమాట ఈ ఇంట్లో చెల్లదు."

ఆ మాటలో అన్యాయమేమీ లేదు. మా బావిలో జారిపోయిన ఇత్తడి చెంబు మూడోనాటికి కృష్ణ రేవులో తేలిందని ఒకసారి చెప్పాను. పాపం, ఆవిడ తమ్ముడు వెళ్ళి రేవంతా వెతికొచ్చాడు. అప్పటినుంచి ఇంట్లో నేను "వాన పడుతోంది" అన్నా ఎవరో ఒకరు బయటికెళ్ళి చూసి వస్తారు.

ఈ ప్రయాణానికి మూలం గురుసామి. అరవదేశంలో స్థిరపడిన తెలుగువాడు, రాజపాళయంలో ఒక నూలుమిల్లులో ఫిట్టరు. మా ఊరి పత్తి మిల్లులో యంత్రం బిగించడానికి వచ్చి రెండు నెలలు మా పక్కగదిలో ఉన్నాడు. మా ఆవిడ ఆదివారాలు కాల్చే దిబ్బరొట్టె అతనికి ప్రాణం. కాల్చేది ఆవిడ, గొప్పలు చెప్పేది నేను. "ఇదేం చూశావు? పొయ్యి లేకుండా, కుంపటి లేకుండా అడవిలో నాలుగు రాళ్ళ మధ్య కాల్చి చూపిస్తాను" అన్నాను. అమాయకుడు, నమ్మాడు. ఊరు చేరాక ఉత్తరం రాశాడు: "మా కొండ కింద ఏరుంది, రాళ్ళున్నాయి. మీరు వచ్చేదే బాకీ అన్నా."

రాత్రి రైల్లో మద్రాసు, మర్నాడు సాయంత్రం ఎగ్మూరులో మీటరు గేజి బండి, తెల్లవారుజామున విరుదునగరంలో మార్పు. నయాపైసలు వచ్చి ఇంకా లెక్కలు కుదరని రోజులు. విరుదునగరంలో కాఫీకి చిల్లర ఇవ్వడానికి హోటలువాడు, పుచ్చుకోవడానికి నేను చాలాసేపు వేళ్ళు లెక్కపెట్టుకున్నాం. తెన్‌కాశి వైపు వెళ్ళే చిన్న రైలు అక్కడే దొరుకుతుంది. ఎడమపక్క కూర్చోవద్దు, పొద్దున ఎండ మొహం మీదే కొడుతుంది.

పెట్టెలో సత్రపట్టి వెళ్ళే పెద్దామె ఒకామె నా తెలుగు విని తన తెలుగులో పలకరించింది. నాకు నోరు ఊరుకోదు కదా. "మా గుంటూరు మిరపకాయలు ఇంజన్లో వేస్తే బొగ్గు అక్కర్లేదమ్మా" అన్నాను.

"ఆమా ఆమా. అందుకేనా సామీ, మీ ఊరి రైలు దగ్గుకుంటా వస్తాది?" అంది, ముఖంలో నవ్వు కనపడనీయకుండా.

పెట్టె పెట్టంతా నవ్వింది. నేనూ నవ్వక తప్పలేదు.

తొమ్మిది దాటాక రాజపాళయంలో దిగాను. గురుసామి సైకిలుతో వచ్చి ఉన్నాడు. వాళ్ళింట్లోనే బస. వాళ్ళమ్మ రంగమ్మగారు ఇడ్లీలు పెడుతూ, మేం వెళ్ళేది ఎక్కడికో విని చేయి ఆపింది.

"అయ్యనారు ఏటికాడికా? వండుకోండి, తప్పు లేదు. మొదట ఆయనకి ఆకులో పెట్టండి. మిగిలినది ఆడనే ముగించాల. ఇంటికి చిటికెడు విబూది కూడా తేవద్దు. పంక్తి ముగియకుంటే పొయ్యి ఆరదు నాయనా."

"ఎవరి పొయ్యమ్మా?" అన్నాను.

"అది నేను చూడబోయినానా? మా అత్త చెప్పినాది, నేను చెప్తాను. ఇంకో రెండు వేసుకో."

ఆ పూటంతా సామాను సేకరణే. మీలో ఎవరైనా ఇలా బయలుదేరేట్టయితే గుర్తుపెట్టుకోండి. దిబ్బరొట్టెకి కింద నిప్పు చాలదు, పైనా కావాలి. అంటే దళసరి మూకుడు, దాని మీద నిప్పులు మోయగల మూత. మూకుడు రంగమ్మగారి అటక మీద దొరికింది. అడుగున పెట్టడానికి బండి చక్రం నడిమి కుండకు తొడిగే ఇనుప పట్టా ఒకటి వడ్రంగి దగ్గర తెచ్చాం. మూత ఎత్తడానికి దూది బేళ్ళు లాగే కొక్కెం. నిప్పులు తీయడానికి చీల్చిన వెదురుబద్ద, మధ్యకి వంచి.

మూత దగ్గరే చిక్కొచ్చింది. ఇంట్లో ఉన్నవన్నీ పల్చటి సత్తుమూతలు. సాయంత్రం గురుసామి గోనెసంచిలో ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. పోత ఇనుము, గుండ్రం, చుట్టూ బొటనవేలంత అంచు. నిప్పులు జారమన్నా జారవు. దేవుడు దిబ్బరొట్టె కోసమే చేయించినట్టుంది.

"ఎక్కడిది రా?"

"మిల్లుది అన్నా. దూది ఏకే మిషను చక్రాల మీద మూసే మూడి. కడగాలని విప్పినాము." గొంతు తగ్గించాడు. "రేపు లీవు. ఎల్లుండి పొద్దున సంగు ఊదేలోగా బిగించేయాల. మేస్త్రీ చూసినాడంటే అంతే. వచ్చే నెల పర్మనెంటు చేస్తామని చెప్పినారు. అది పోతాది, ఉన్నదీ పోతాది."

సంగు అంటే మిల్లు సైరను. ఆ కూత మీదే ఊరంతా లేస్తుంది. బోల్టుల కన్నాలు రెండు పిండితో మూసేస్తే సరిపోతుందన్నాను.

ఆదివారం పొద్దున ఏడింటికి బయలుదేరాం. కొంతదూరం అద్దె జట్కా, ఆపైన మామిడితోటల మధ్య నడక. కొండలు పడమట దగ్గరగా, నల్లగా ఉన్నాయి. అయ్యనారు అంటే అక్కడివాళ్ళకి ఊరు కాసే దేవుడు; ఉన్నది ఒక రాయి, దాని ముందు మట్టిగుర్రాలు రెండు. ఒకదానికి తల లేదు. ఏరు సన్నగా పారుతోంది.

ఇసుకలో పట్టా పెట్టి, మూకుట్లో నూనె పోసి, పులిసిన మినప్పిండి రెండు వేళ్ళ మందం పరిచాం. కింద పిడికెడు నిప్పులు, మూత మీద దోసెడు. మధ్యమధ్యలో మూకుడు కొంచెం కొంచెం తిప్పాలి. మూత ఎత్తి చూడకూడదు. వాసనే చెబుతుంది.

అక్కడే మొదటిసారి ఏదో తేడా గమనించాను. గాలి లేదు. చెట్టుమీద ఆకు కదలడం లేదు. కానీ మూత మీది నిప్పులు ఉండుండి ఎర్రబడుతున్నాయి, మళ్ళీ మసకబారుతున్నాయి. ఎవరో ఊపిరి పట్టి ఊదుతున్నట్టు. ఊదినప్పుడల్లా బూడిద నావైపు లేస్తోంది. అంటే ఊదేది అవతలివైపు నుంచి. అవతల తల లేని గుర్రం ఉంది.

"చూశావా?" అన్నాను.

"చూడలేదు. మీరూ చూడలేదు," అన్నాడు గురుసామి ఏటికేసి తిరిగి.

రొట్టె మాత్రం నా జన్మలో అటువంటిది తినలేదు. అడుగు కరకర, నడుమ దూది. మొదటి ముక్క ఆకులో పెట్టి రాయి ముందుంచాం. మిగిలినదంతా తిన్నాం. అంతా అంటే దాదాపు అంతా. గురుసామి చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నేనొక ముక్క తువ్వాల్లో చుట్టి సంచి అడుగున పెట్టాను. మా ఆవిడ మొహం ముందు ఆ ముక్క ఊపే ఘడియ కళ్ళకు కట్టింది. ఇంతదూరం వచ్చింది దానికే కదా!

నిప్పులన్నీ ఏట్లోకి తోసేశాం. మూత నీళ్ళలో ముంచితే బుస్సుమంది. చల్లారింది కదా అని గోనెలో చుట్టి గురుసామి తలపాగా మీద పెట్టుకున్నాడు.

మామిడితోట దాటకముందే దించేశాడు. "అన్నా, కాలుతాది."

ముట్టుకున్నాను. అప్పుడే పొయ్యి మీంచి దించినట్టుంది. కాలవలో మళ్ళీ ముంచాం, మళ్ళీ బుస్సు. పది బారలు నడిచేసరికి మళ్ళీ వేడి. పోత ఇనుము వేడిని నెమ్మదిగా వదులుతుందని నేనే ఏదో శాస్త్రం చెప్పాను. అబద్ధాలు నాకు అలవాటే కానీ, ఆ శాస్త్రాన్ని మాత్రం నేనే నమ్మలేకపోయాను.

రోడ్డు మీద సేత్తూరు వైపు నుంచి పత్తిబండి వస్తోంది. బండివాడు ఎక్కమన్నాడు. బండి కింద నడుస్తున్న తెల్ల వేటకుక్క మా గోనె చూడగానే తోక ముడిచి పొలంలోకి పోయింది. నాలుగడుగులు సాగామో లేదో మాడువాసన. గోనె కింద పత్తి పొగలేస్తోంది.

బండివాడు ఎడ్లను ఆపి, ఆ పత్తి గుప్పిళ్ళతో లాగి రోడ్డు మీద వేసి తొక్కాడు. "దిగండయ్యా! ఏం తెచ్చినారు మీరు? ఏం తెచ్చినారు?"

దిగాం. గురుసామి రోడ్డు పక్కన కూలబడ్డాడు.

"దీన్ని మిషనుకి బిగిస్తే మిల్లు మిల్లే అంటుకుంటాది. అంతా దూది. రెండునూర్ల మంది ఉంటారు లోపల. నేను బిగించను. వేల పోనీ. అమ్మకి ఏదో చెప్పుకుంటాను." వేల అంటే వాళ్ళ మాటలో ఉద్యోగం. అది చెప్పి, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నన్ను కదిపేసింది.

సంచిలోంచి తువ్వాలు తీసి విప్పాను. ముక్క ఆవిర్లు కక్కుతోంది.

గురుసామి దానికేసి చూశాడు, నాకేసి చూశాడు. "ఎవరికన్నా ఇది?"

"మా ఆవిడకి. నమ్మదురా."

"నేను నమ్మినాను కదా అన్నా. చాలలేదా?"

ముక్కని మళ్ళీ తువ్వాల్లో చుట్టాను. లేచి వెనక్కి నడిచాం. పొద్దు కొండవైపు వాలింది. తోటలో పక్షి కూత లేదు. మా అడుగుల చప్పుడుకు ఒక అడుగు ఎక్కువ వినిపిస్తోందని నాకు అనిపించింది. గురుసామిని అడగలేదు. అతను చూడలేదనే అంటాడు.

ఏటిగట్టున మేం ఇసుక చదును చేసి వచ్చిన చోట నిప్పులున్నాయి. నీళ్ళలోకి తోసిన నిప్పులే. తడి ఇసుకమీద గుండ్రంగా పేర్చి ఉన్నాయి, సరిగ్గా మూత కొలతకి. మధ్యన ఖాళీ. ఎర్రబడుతున్నాయి, మసకబారుతున్నాయి. రాయి ముందు పెట్టిన ఆకు కడిగినట్టుంది.

ముక్కని ఆ ఖాళీలో పెట్టాను. చేయి తీసే తొందరలో వేలు నిప్పుకు తగిలింది.

"ముగిసినాది సామీ. ఇంక మా దగ్గర ఏమీ లేదు," అన్నాడు గురుసామి గట్టిగా. మూత తలకెత్తుకున్నాడు. "తిరిగి చూడొద్దన్నా, నడు."

చూడలేదు. పది అడుగులు వేశామో లేదో వెనకాల 'ఠంగ్'మని చప్పుడైంది. ఇనుప మూకుడు మీద ఇనుప మూత పెట్టిన చప్పుడు. మూకుడు నా చేతిలో ఉంది. మూత గురుసామి తలమీద ఉంది.

కొంతదూరం పోయాక గురుసామి మెల్లగా అన్నాడు: "అన్నా, చల్లబడిపోయినాది." తాకాను. బావినీళ్ళలో రాత్రంతా నానినంత చల్లగా ఉంది.

సోమవారం తెల్లవారుతూనే నేను మిల్లు గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. సంగు ఊదింది. లోపల యంత్రాల మోత మొదలైంది. నా కళ్ళు కప్పు మీదే, పొగ వస్తుందేమోనని. కాసేపటికి గురుసామి జుట్టు నిండా దూదిపోగులతో గేటు దగ్గరకొచ్చి, "తిరుగుతాది అన్నా, మంచిగా తిరుగుతాది" అని లోపలికి పరిగెత్తాడు.

ఆ మధ్యాహ్నమే రైలెక్కాను. ఎదుటిసీటులో అగ్గిపెట్టెల వ్యాపారి ఒకాయన. సాతూరు మనిషి, తెలుగు బాగానే వచ్చు. నా కాలిన వేలు చూసి ఏమైందన్నాడు. చెప్పాను. నిప్పులు వాటంతటవే వలయం కట్టిన సంగతి చెప్పలేదు. ఆ చప్పుడు చెప్పలేదు. మూత కొంచెం ఆలస్యంగా చల్లారిందని మాత్రం అన్నాను. జరిగినదానికంటే తక్కువ చేసి చెప్పడం నా జీవితంలో అదే మొదలు.

"పోత ఇనుము కదండీ, అంతే," అన్నాడాయన. తర్వాత కాళ్ళు పక్కకి జరుపుకుంటూ, "మీ సంచిలో ఏముంది? పాదాలకి వెచ్చగా తగులుతోంది" అన్నాడు.

తువ్వాలు తీసి చూశాను. మడతలో గింజంత రొట్టెపొడి అంటుకుని ఉంది. రైలు ఆ కొండలు కనబడే మేర దాటకముందే తువ్వాలంతా కిటికీలోంచి విసిరేశాను.

అందమైన చోటు. మనుషులు మంచివాళ్ళు. నీళ్ళు తియ్యన. వెళ్ళండి, వండుకోండి. ఆకలికి కొంచెం తక్కువే వండుకోండి.

గుంటూరులో దిగేసరికి మా ఆవిడ స్టేషన్‌కి వచ్చి ఉంది. "ఏం తెచ్చారు?" అంది.

"ఏమీ తేలేదు" అన్నాను.

వెంటనే నమ్మింది.