పరీక్షకు తిని వెళ్లిన ఈస్టు

ఆ రోజుల్లో, దేశం దాటి నేను చదువుకోవడానికెళ్లిన హామిల్టన్‌లో, ఏ బస్సెక్కినా ఇద్దరు ముగ్గురు తెలుగు స్టూడెంట్స్ కనబడేవాళ్లు. క్లాసులయ్యాక చాలామంది కాఫీ షాపుల్లో పనిచేసేవాళ్లు. నేను మాత్రం ల్యాబ్‌లో ఈస్టు కణాలను పెంచేదాన్ని (బ్రెడ్డును పొంగించే ఈస్టే, కాస్త చదువుకున్న రకం). కణం చుట్టూ ఉన్న పొరలో తలుపుల్లాంటి ప్రొటీన్లుంటాయి. యురాసిల్ అనే పదార్థాన్ని లోపలికి లాక్కునే తలుపు నా వంతుకొచ్చింది. గుర్తు తగిలించిన యురాసిల్ ఇచ్చి, లోపలికి ఎంత వెళ్లిందో యంత్రంతో కొలవాలి. తలుపు పనిచేస్తోందని చూపిస్తే మా ల్యాబ్ నడిపే మేడమ్ నన్ను వేసవిలో కూడా ఉంచుకుంటారు, లేకపోతే నాకూ కాఫీ షాపే గతి.

కొలిచేముందు కణాలను కొన్ని గంటలు పస్తుంచమని మేడమ్ చెప్పారు. నాకు మనసొప్పలేదు. మా ఇంట్లో పరీక్షరోజు పెరుగన్నం తినకుండా ఎవరినీ గడప దాటనివ్వరు. కొలవాల్సిన రోజు పొద్దున అమ్మ ఫోన్‌లో, "ఇవాళే కదమ్మా పరీక్ష? తినే వెళ్తున్నావా?" అంది. పరీక్ష నాకు కాదు, ఈస్టుకని చెప్పే ఓపిక లేక ఊ అన్నాను (కంగారులో స్టవ్ వెలిగించనేలేదు). ల్యాబ్‌కి వెళ్లి ఈస్టుకి మాత్రం బలమైన పోషక ద్రవం దండిగా పోశాను.

యంత్రం దాదాపు సున్నా చూపించింది. మళ్లీ కొలిచినా అంతే. మేడమ్ దగ్గరికి వెళ్లి, తలుపు పనిచేయడం లేదన్నాను. కొలిచేముందు కణాలకు ఏం పెట్టావని ఆవిడ అడిగారు. చెప్పాను. ఆ ద్రవంలో యురాసిల్ కావలసినంత ఉంటుందట. కడుపు నిండిన కణం ఆ తలుపులను పొరలోంచి పీకి లోపల పడేసుకుంటుందట. అసలెందుకు పెట్టావన్నారు.

"పరీక్ష కదా మేడమ్, తినిపించి పంపాను" అన్నాను (ఇంగ్లీషులో అది ఇంకా ఘోరంగా వినబడింది).

ఎప్పుడూ నవ్వని మనిషి కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. అంతలో నా కడుపు గట్టిగా గుర్రుమంది. ఆవిడ తన శాండ్‌విచ్‌లో సగం నా ముందు పెట్టి, "రేపు అవి పస్తుండాలి, నువ్వు తిని రావాలి" అన్నారు.

మర్నాడు అలాగే చేశాం, నేనూ ఈస్టూ. పస్తున్న కణాలు యురాసిల్‌ని ఆవురావురుమని లాక్కున్నాయి. వేసవి నాకు దక్కింది.

ఇప్పుడు కొత్త పిల్లలకు కణాలను పస్తుంచడం నేర్పేది నేనే. మొన్న వాళ్లలో ఓ కరీంనగర్ అమ్మాయి కణాలున్న గాజు కుప్పె వంక జాలిగా చూసి, "పాపం గదా అక్కా, జర ఏమన్న పెడ్దామా?" అంది. అప్పటి నన్ను చూసినట్టే ఉండి నవ్వొచ్చింది, కాస్త బెంగ కూడా కలిగింది. వద్దంటే వద్దన్నాను. తర్వాత నా పెరుగన్నం డబ్బా మూత తీసి, ఆ పిల్ల వైపు జరిపాను.