ఎడమ చెవి కమ్మ

దయ్యాలను నేను నమ్మను. ఇది రాస్తున్న ఇవాళ కూడా నమ్మను. రోజూ డైరీ రాసే అలవాటున్నవాణ్ణి కాబట్టి జరిగినదాన్ని పెంచకుండా, తగ్గించకుండా చెబుతాను.

ఎనభైల చివర్లో రేపల్లె అవతల పురావస్తు శాఖవాళ్ళు ఒక పాత మట్టి దిబ్బను తవ్వారు. దొరికిన వస్తువులకు బొమ్మలు గీయడం నా ఉద్యోగం. ఒకరోజు మధ్యాహ్నం ఒక ఆడమనిషి అస్థిపంజరం బయటపడింది. పుర్రెకు ఎడమ పక్కన బంగారు కమ్మ ఒకటే ఉంది. రెండోది ఎంత జల్లించినా దొరకలేదు.

మట్టి మోసే ముసలి వీరమ్మ తన కమ్మలు తాకట్టు పెట్టి, చెవులు పూడిపోకుండా వేపపుల్లలు పెట్టుకుని తిరిగేది. కమ్మ పైకి తీయగానే ఒక పుల్ల విరిచి నాకు చూపించింది.

“సారూ, తీసినచోట ఇది గుచ్చండి. బోసి చెవితో వదలకూడదు.”

“మట్టికి చెవులుంటాయా అమ్మా?” అన్నాను. అందరూ నవ్వారు.

“నవ్వండి నవ్వండి. మీ అమ్మాయి చెవైతే ఇట్టాగే వదిలేస్తారేంటి?” అని తట్ట ఎత్తుకుంది.

ఆ వారం తెనాలిలో ఇంటికి వెళ్ళేసరికి మా అమ్మాయి ఎడమ చెవి పూడిపోయి ఉంది. చిన్నప్పుడు కుట్టిన కంసాలినే పిలిపించాం. వేలితో తడిమి, “నేను కుట్టిన చెవేనా అండీ ఇది?” అన్నాడు. మళ్ళీ కుట్టాడు. తెల్లారేసరికి మచ్చ కూడా లేదు. డాక్టరు అసలు కుట్టిన ఆనవాలే లేదన్నారు. పదో తరగతి ఫొటోలో మాత్రం రెండు లోలాకులూ స్పష్టంగా ఉన్నాయి.

అమ్మాయి పెళ్ళి దగ్గరపడింది. బాపట్ల నుంచి వచ్చిన మా బావమరిది విషయం విని మండిపడ్డాడు.

“ఆ ముసల్దాని నోరే బావగారూ! దానిచేతే పుల్ల గుచ్చించి, పనిలోంచి తీయించండి.”

మా ఆవిడ ఏడ్చింది. సంగతి దిబ్బ దాకా పాకింది. తోటి కూలీలు వీరమ్మ పక్కన కూర్చుని అన్నం తినడం మానేశారు. చివరకు ఆమే నా దగ్గరకు వచ్చింది.

“పోనీ నేనే గుచ్చేత్తాను సారూ. పిల్ల పెళ్ళి కదా.”

“వద్దమ్మా. నువ్వు గుచ్చితే, రేపు ఎవరికి జ్వరం వచ్చినా నీ గుమ్మం ముందుకే వస్తారు,” అన్నాను.

గుచ్చనివ్వలేదు. నేనూ గుచ్చలేదు. తవ్వకం ముగిసేదాకా ఆమె పని పోనివ్వలేదు.

“ఒక చెవి చాల్లే నాన్నా,” అంది మా అమ్మాయి. బాపట్లలో పెళ్ళి పీటల మీద ఎడమ చెవి బోసిగానే కూర్చుంది. చూసినవాళ్ళు చూశారు.

కొన్నేళ్ళ తరవాత మ్యూజియంలో మా అమ్మాయికి ఆ కమ్మ చూపించాను. అద్దం దగ్గరకు వంగి చూసి నవ్వింది. “నా కుడిదీ ఆవిడ ఎడమదీ కలిపితే ఒక జత నాన్నా!”

ఆ చెవి ఇప్పటికీ అలాగే ఉంది. ఎందుకు పూడిందో నాకు తెలియదు. తెలియనిదానికి వీరమ్మ పేరు మాత్రం పెట్టనివ్వను.