ఆరు ఐరన్లూ నావే

హైదరాబాద్‌లోని ఆ గోల్ఫ్ దుకాణంలో సేల్స్‌మన్ గంటసేపు మాట్లాడాడు. కొనేది నేను, ఆడేది నేను. అతను మాత్రం ప్రతి మాటా నా భర్త వైపు తిరిగే చెప్పాడు.

"మేడమ్‌కి లేడీస్ సెట్ ఇప్పించండి సార్. తేలిగ్గా ఉంటది. ఫోర్జ్‌డ్ ఐరన్లు మేడమ్ వల్ల కాదు."

నేను సూర్యాపేటలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. డిగ్రీలో డిస్కస్ విసిరేదాన్ని. మా ఆయనకంటే రెండంగుళాలు ఎత్తు. ఆ లేడీస్ కర్ర పట్టుకుని నిలబడితే వాకిలి ఊడుస్తున్నట్టు వంగాల్సి వచ్చింది. ఆ మాటే అన్నాను. సేల్స్‌మన్ నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

అసలు నాకు గోల్ఫ్ అంటించింది ఆయనే. సివిల్ కాంట్రాక్టరు. హైదరాబాద్‌లో పెద్ద కాంట్రాక్టర్లందరూ ఆడుతున్నారని తనూ నేర్చుకోవడానికి బయల్దేరాడు. ఒక్కడే వెళ్తే సిగ్గని నన్ను వెంటబెట్టుకుపోయాడు. మూడో నెలకల్లా కోచ్ ఆయనతో "మేడమ్ ఎట్లా కొడుతున్నారో చూడండి సార్" అనడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆయన నన్ను వెంట రమ్మనడం తగ్గించాడు.

ఆ రోజు దుకాణం లోపల వల కట్టిన గదిలో నాకు నేనే ఒక ఫోర్జ్‌డ్ ఏడో నంబరు ఐరన్ తీసుకున్నాను. ఐరన్లంటే ఇనుప తల ఉన్న కర్రలు. మామూలువాటి తలలు ఇనుమును కరిగించి మూసలో పోసి చేస్తారు. ఫోర్జ్‌డ్ తలలను ఎర్రగా కాల్చిన ఇనుప ముద్దను బలంగా సాగగొట్టి చేస్తారు. లోహం మెత్తన. సరిగ్గా మధ్యలో తగిలితే చేతికి దెబ్బే తెలియదు, బంతి తనంతట తనే లేచిపోయినట్టు ఉంటుంది. కాస్త పక్కకు తగిలితే మాత్రం మోచేతి దాకా జిల్లుమంటుంది. మొదటి రెండూ జిల్లుమన్నాయి. మూడోది సరిగ్గా మధ్యలో తగిలింది. బంతి ఎంత దూరం పోయేదో తెర మీద చూసి సేల్స్‌మన్ మొదటిసారి నా ముఖం చూశాడు.

"ఇవే ఇవ్వండి. అయిదో నంబరు నుంచి వెడ్జ్ దాకా ఆరు. కర్రలు పూర్తి పొడవు" అన్నాను.

మేము ఆడుకునే చోటు మిర్యాలగూడ దగ్గర. ఒక రైస్‌మిల్లు యజమాని కాలువ పక్కన బీడు పడిన తన చెలకలో నాలుగు గుంతలు తవ్వించాడు. గడ్డి కొంచెమే, మిగతాదంతా గులకరాళ్ళు. మెత్తటి ఇనుము రాయికి తగిలితే నొక్కు పడుతుంది. అందుకే ఒక చిన్న రబ్బరు చాప వెంట తీసుకెళ్ళి, బంతిని దాని మీద పెట్టి కొట్టేదాన్ని. మగవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకున్నాను. ఆదివారం పొద్దున బంతి గాలిలోకి లేచి, కాలువ మీది కొంగలను దాటి దిగుతుంటే వారమంతా క్లాసుల్లో నిలబడి చెప్పిన అలసట పోయేది.

వేసవిలో పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ వేశారు. పది రోజులు ఆ పక్కకు వెళ్ళలేదు. డ్యూటీ అయ్యాక సంచీ విప్పితే కర్రల తలలకు ఎర్రమట్టి అంటుకుని ఉంది. ఏడో నంబరు ముఖం మీద రెండు లోతైన నొక్కులు. దగ్గరి దెబ్బలకు వాడే వెడ్జ్ అంచు రంపంలా అయింది.

"ఎవరు వాడిండ్రు?" అని అడిగాను.

ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "కోదాడ నుంచి దోస్తు వచ్చిండు. జర ఆడుకున్నడు. ఇనుమే గదనే, అరిగిపోతదా?"

ఆయన సెట్ మూలన ఉంది. తుడిచి, తలలకు తొడుగులు వేసి ఉంది. నా కర్రల మట్టి తుడవడానికి గుడ్డ తెచ్చుకున్నాను.  అప్పుడే నిలదీయకపోవడం ఆ రోజు నేను చేసిన తప్పు.

ఆ కోదాడ ఆయన తర్వాతి ఆదివారం మిర్యాలగూడకు మళ్ళీ వచ్చాడు. సిమెంటు వ్యాపారి, మర్యాదస్తుడు. నేను కారులోంచి సంచీ దించుతుంటే చూసి మా ఆయనతో అన్నాడు, "అన్నా, మీ రెండో సెట్ వదినకి ఇచ్చేశారా? భలే ఉంటాయండి అవి. మొన్న నాకు బాగా కుదిరాయి."

నేను సంచీ కింద పెట్టి ఏడో నంబరు బయటికి తీశాను. "ఈయన రెండో సెట్ అని ఎవరన్నరు?"

"అన్నే చెప్పారు వదినా. పాతవే, రాళ్ళకు తగిలినా పర్లేదు, గట్టిగా కొట్టమన్నారు."

కోదాడ ఆయన నా చేతిలోని ఏడో నంబరు చూశాడు. నొక్కులు చూశాడు. ముఖం పాలిపోయింది. "అయ్యో, ఇవి మీవా? నాకు తెలీదు వదినా. తెలిస్తే ముట్టుకునేవాణ్ణే కాదు."

ఆయన మీద నాకు కోపం లేదు. మా ఆయన వైపు తిరిగాను. పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటింది. నలుగురిలో ఏనాడూ ఆయన్ని "మీరు" తప్ప అనలేదు.

"ఇవి ఎవరియి? నువ్వే చెప్పు" అన్నాను.

రైస్‌మిల్లు యజమాని కాలువ వైపు చూడసాగాడు. మా ఆయన నవ్వబోయాడు. "ఏందే గీడ పంచాయితీ? మనింట్ల నీది నాది అని ఉంటదా?"

"ఉండకపోతే నీ సెట్ ఎందుకియ్యలే?"

మా ఆయన చేతిగడియారం చూసుకున్నాడు.

"నీయి తుడిచి మూలకు పెట్టినవ్. నాయి రాళ్ళ మీద కొట్టమన్నవ్. పైగా నీయేనని చెప్పుకున్నవ్. ఎవరియో చెప్పు."

నేను అరుస్తున్నాను.  క్లాసులో యాభై మందిని ఒక్క చూపుతో కూర్చోబెట్టే నేను ఆ అరుపును ఆపలేకపోయాను.

ఆయన నేల చూస్తూ, "ఇవి ఆమెయే" అన్నాడు.

ఆ తర్వాత ఆటలో నేనే ముందు బంతి కొట్టాను. కోపంతో ఊపితే గోల్ఫ్ బంతి మాట వినదు. నేల మీద జారుకుంటూ పోయి కాలువలో పడింది. ఎవరూ నవ్వలేదు. రెండోది కూడా వంకరగానే పోయింది. ఆ రోజు నాలుగు గుంతల్లోనూ ఓడిపోయాను. కోదాడ ఆయన గెలిచి, సంతోషించడానికి మొహమాటపడ్డాడు.

ఇప్పుడు ఆ సంచీ కాలేజీ ల్యాబ్ బీరువాలో ఉంటుంది. తాళం నా దగ్గరే. ఆదివారం నా కారులో నేను మిర్యాలగూడ వెళ్తాను, ఆయన వేరే రోజు వెళ్తాడు. నొక్కులు పూడవని హైదరాబాద్‌లో బాగుచేసే అతను చెప్పాడు. అయినా వాటితోనే ఆడుతున్నాను. కొత్త సెట్ కొనిస్తానని ఆయన రెండుసార్లు అన్నాడు. తప్పయిందని ఒక్కసారీ అనలేదు.

పోయిన నెల వంటింటి గడప దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "నా ఆరో నంబరు వంగింది. ఈ వారానికి నీది ఇస్తవా?"

ఆయన నన్ను అడిగి తీసుకోవాలనుకోవడం అదే మొదలు. అది నాకు తెలుసు.

"ఇయ్యను" అన్నాను.

 ఆయన "సరే" అని వెళ్ళిపోయాడు. నేను పప్పులో పోపు వేశాను.