మే నెల దుప్పట్లు

ఆ రోజుల్లో ఏ కబురైనా నాకు మా ఇంటికి పాలు పోసే పిన్ని నోటి మీదుగానే చేరేది. నందిగామలో ఓ చిన్న ఆసుపత్రికి ఆయా కావాలన్న కబురూ ఆమే తెచ్చింది. దేవుడి గూటి ముందు అమ్మ దిద్దించిన అక్షరాలే నా చదువు; ఆ ఉద్యోగం ఆ దేవుడే ఇచ్చాడనుకున్నాను. కాళ్ళు పీకుతున్నా ఇప్పటికీ అదే అనుకుంటాను. అక్కడ పెద్ద సిస్టర్‌కి మేం చాటుగా పెట్టుకున్న పేరు ‘మళ్ళీ ఏంటి’. మొదటిసారి పిలిచినా ఆమె మాట అదే (పాపం, ఇద్దరి పని ఒక్కతే చేసేది). చిన్న సిస్టర్ పేరు చెక్‌పోస్టు. ఊరు సరిహద్దు చెక్‌పోస్టున్న గరికపాడు, పైగా వరండాలో ఎవరు కనబడ్డా ఆపి, “ఏమైంది? ఎటు పోతున్నవ్?” అని ఆరా తీసేది. “నీ వల్లే వీళ్ళకి అలుసైపోయాం” అని పెద్ద సిస్టర్ సణిగేది.

ఓ మే నెల మధ్యాహ్నం, సెలైన్ ఎక్కుతున్న చెవిటికల్లు ఊరి నుంచి వచ్చిన మామ్మకి చలి పట్టుకుంది. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది, ఇక్కడ మామ్మ పళ్ళు టకటకమంటున్నాయి. “సిస్టర్ని పిలవమాకే, అన్నం తింటంది” అంది. పక్క మంచాలవాళ్ళు తలా ఒక దుప్పటీ ఇచ్చారుగానీ, పిలవడానికి ఒక్కరూ లేవలేదు. చివరికి దేవుణ్ణి తలుచుకుని నేనే వెళ్ళాను. “మళ్ళీ ఏంటి?” అనేసరికి, తలుచుకున్న దేవుడూ చెప్పాల్సిన మాటా రెండూ పోయాయి. “దుప్పటి కావాలండి” అన్నాను. “తీసుకుపో!”

దుప్పటితో వస్తుంటే చెక్‌పోస్టు ఆపింది. “ఆగు. ఎండాకాలంల దుప్పటెవరికే?” నేను చెప్పేలోపే పరుగెత్తి సెలైన్ ఆపేసి, డాక్టరుగారి కోసం కేకేసింది. ఆయన వచ్చి ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ ఒంటికి పడలేదనీ, ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం మీదికొచ్చేదనీ అన్నారు. పెద్ద సిస్టర్ ఎంగిలి చేత్తోనే వచ్చి నిలబడింది. “నాకెందుకు చెప్పలేదు మామ్మా?”

“నీ కేక కన్నా చలే నయమనిపించిందమ్మా” అంది మామ్మ, దుప్పట్ల కింద నుంచి.

మర్నాడు పెద్ద సిస్టర్ ప్రతి మంచం దగ్గరా ఆగి “ఎలా ఉందండీ?” అని మెత్తగా అడిగింది. వార్డంతా బెదిరిపోయింది. “నాకేం రోగమో దాచకుండా చెప్పండి సిస్టరమ్మా” అని ఒకాయన ఏడుపు లంకించుకున్నాడు.

ఇప్పుడు నేను జగ్గయ్యపేటలో మరో ఆసుపత్రికి పెద్ద ఆయాని. సాయంత్రానికి ఒళ్ళు పులిసిపోయి ఉంటుంది. కొత్తగా చేరిన పిల్ల “అక్కా” అంటే, నోటికి ‘మళ్ళీ’ దాకా వచ్చేస్తుంది. “మళ్ళీ... చెప్పమ్మా, సరిగ్గా వినలా” అని సర్దుకుంటాను. ఆ పిల్ల నాకు చెముడనుకుంటోంది. అనుకోనీ.

చెక్‌పోస్టు సిస్టర్ ఎక్కడుందో నాకు తెలియదు. దీపం పెట్టుకునేటప్పుడు మీరూ ఆమెను ఒక్కసారి తలుచుకోండి.