ముదిరిన గులాబీ రంగు

మా డాక్టరమ్మ పోయారు. మాచర్ల నుంచి వచ్చిన బస్సు డ్రైవరు రెంటచింతలలో దిగుతూనే ఆ మాట చెప్పాడు. విషజ్వరమట. ఇంతమందికి జ్వరాలు తగ్గించిన మనిషిని జ్వరమే తీసుకుపోయింది. నాకు ముందు దుఃఖం కాదు, కోపం వచ్చింది.

మాచర్ల ఆసుపత్రి వెనకవైపు గదిలో, కిటికీ దగ్గర, కొయ్య స్టాండులో ఆవిడ గాజుగొట్టాలు ఉండేవి. జ్వరాలు తగ్గించే సల్ఫా బిళ్లలు అప్పుడప్పుడే వస్తున్నాయి. బిళ్ల మింగించి ఊరుకునేవారు కాదు ఆవిడ. రోగి నెత్తురు తీసి, యాసిడ్ కలిపి, వడకట్టి, ఆ తేటలో రసాయనాలు చుక్కలుగా వేసేవారు. గులాబీ రంగు తేలేది. నెత్తుట్లో మందు ఎంత ఎక్కువుంటే రంగు అంత ముదురు. తెలిసిన పాళ్లలో మందు కలిపి పెట్టుకున్న గొట్టాల పక్కన పట్టి, వెలుతురులో పోల్చి చూసేవారు. "మనిషి మొహమాటానికి ఏదైనా చెబుతాడు, నెత్తురికి మొహమాటం లేదు" అనేవారు.

నడివేసవిలో మా అక్కకు ఆ ఆసుపత్రిలోనే కాన్పయింది. వెంటనే జ్వరం పట్టుకుంది. డాక్టరమ్మ సల్ఫా ఇచ్చి, నీళ్లు బాగా తాగించమన్నారు. మా అమ్మ తలూపింది. ఆవిడ అటు వెళ్లగానే చెంబు దూరంగా జరిపింది. "పచ్చి బాలింతకి నీళ్లేంది? సన్నిపాతం కమ్ముద్ది" అంటూ అక్క పెదాలు మాత్రం తడిపింది.

జ్వరం దిగింది గానీ మూత్రం ఆగిపోయింది. డాక్టరమ్మ నెత్తురు పరీక్ష చేశారు. రంగు అన్నిటికన్నా ముదురు గొట్టాన్ని కూడా దాటిపోయింది. అక్క నెత్తురున్న ఆ గొట్టాన్ని చేత్తో పట్టుకునే వచ్చారు.

"పెద్దమ్మా, మందు బయటికి పోవట్లేదు. నీళ్లు తాగిస్తున్నారా?"

"చానా తాగిస్తన్నామమ్మా."

ఆవిడ వెంటనే బిళ్లలు ఆపించి, అక్క తల ఒళ్లో పెట్టుకుని, చెంచాతో నీళ్లు పోస్తూ కూర్చున్నారు. అప్పటికే మందు రవ్వలుగా గట్టిపడి మూత్రపిండాలను మూసేసింది. అక్క దక్కలేదు.

నేను అమ్మ మీద విరుచుకుపడబోతే డాక్టరమ్మ చెయ్యి పట్టి ఆపారు. "మీ అమ్మనేం అనొద్దు. తాగించమన్నానే గానీ, తాగించకపోతే ఏమవుతుందో నేను చెప్పలేదు." ఆ మాటే లేకపోతే మా ఇంట్లో రెండో చావు చూసేవాళ్లం. తర్వాత ఏ బాలింతకు సల్ఫా ఇవ్వాల్సి వచ్చినా, ముందు ఇంటి పెద్దావిడను కిటికీ దగ్గరికి పిలిచి, ఆ రంగు చూపించి చెప్పేవారు.

కబురు విని ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. అమ్మ ఏడవలేదు. చెంబు కడిగి, నిండా నీళ్లు ముంచుకుని, పక్కింటికి నడిచింది. వాళ్ల కోడలు ఈమధ్యే ప్రసవించింది. నేను వాకిట్లో నిలబడి విన్నాను.

"తాగే, అమ్మాయ్. ఏం కాదు. ఇంకో గుక్క తాగు."