అస్వస్థత అని రాయమన్నాడు

నా చిన్నప్పుడు రాజంపేట దగ్గర మా ఊళ్లో జబ్బులకు పెద్ద పేర్లు ఉండేవి కావు. ఒళ్లు కాలితే జొరం, మనిషి చిక్కిపోతే దిష్టి, ఆ రెండూ కాకపోతే వేషం. మా చిన్నమ్మది వేషమేనని మా జేజి తేల్చేసింది. జేజి అంటే మా నాన్నను కన్నతల్లి. చిన్నమ్మ ఆమెకు చిన్న కోడలు, మా చిన్నాన్న భార్య.

చిన్నమ్మది ఆదోని అవతల నల్లరేగడి పల్లె. రైల్లో పగలంతా ప్రయాణం చేస్తే గానీ రాదు. ఆమె డబ్బుల్ని దుడ్లు అంటే మేం పిల్లలం నవ్వేవాళ్లం, తనూ నవ్వేది. సాయంత్రం నాకు తల దువ్వుతూ వాళ్ల ఊరి కబుర్లు చెప్పేది. వాళ్లమ్మ జొన్నరొట్టె తడుతుంటే ఆ చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తుందట.

పెళ్లయి మూడేళ్లయినా ఆమెను పుట్టింటికి పంపలేదు. మొదటి ఏడు వేరుశనగ పనులు, రెండో ఏడు మా అత్త పెళ్లి, మూడో ఏడు వానల్లేవు. వాళ్ల నాయన ఒకసారి వచ్చి, రెండు రోజులుండి, ఒక్కడే తిరిగి వెళ్లాడు. కర్నూలు రాజధాని అయిన సంవత్సరం అది. ఆ చలికాలంలో చిన్నమ్మకు మొదట మాటలు తగ్గాయి, తర్వాత తిండి తగ్గింది. తల దువ్వుతూ దువ్వుతూ దువ్వెన నా జుట్టులోనే వదిలేసి గోడవైపు చూస్తూ కూర్చునేది.

మా తాతకు భయం వేసి పక్క ఊరి వైద్యుణ్ణి పిలిపించాడు. సంస్కృతం చదువుకున్న ముసలాయన. చిన్నమ్మ నాడి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఏం తినాలని ఉందమ్మా అని అడిగాడు. మాయమ్మ కాల్చిన రొట్టె అంది చిన్నమ్మ. ఆయన నాడి వదిలి లేచాడు.

వసారాలోకి వచ్చి నన్ను కాగితం, పెన్సిలు తెమ్మన్నాడు. ఆయనకు చూపు ఆనదు, నేనేమో అయిదో తరగతి. ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. ఈమెకు అస్వస్థత, మూడు నెలలు తల్లి దగ్గర ఉంచవలెను. ఆ మాటలో వత్తులు రెండూ పడ్డాయా లేదా అని రెండుసార్లు అడిగాడు. తాత చీటీ పట్టుకుని ఆ పేరు పలకబోయి, పలకలేక, ప్రమాదమా అని అడిగాడు. పంపకపోతే ప్రమాదమే అన్నాడు వైద్యుడు. తెల్లారి బండి కట్టమని తాత అప్పుడే చెప్పేశాడు.

వైద్యుణ్ణి సాగనంపడానికి ఊరి బయటిదాకా నేనే వెళ్లాను. రోజూ చిన్నమ్మ పక్కనే పడుకునేదాన్ని కాబట్టి, అది అంటుకునే జబ్బా అని అడిగాను. ఆయన ఆగాడు.

"స్వ అంటే తాను పాపా. స్థ అంటే ఉండేది. తనలో తాను ఉంటే స్వస్థత. మీ చిన్నమ్మ ఈడ లేదు, వాళ్లమ్మ కాడ ఉండాది. నేను అబద్ధం రాయలేదు."

ఆ మాట నాలోనే దాచుకోవలసింది. ఇంటికి వచ్చేసరికి జేజి పొయ్యి దగ్గర సణుగుతోంది, పేరు పెద్దదైతే జబ్బు నిజమైపోతుందా అని. చిన్నమ్మను వెనకేసుకు రావాలన్న ఆత్రంలో అర్థమంతా చెప్పేశాను. చెప్పాక తెలిసొచ్చింది. జేజి తాతతో ఒక్క మాటంటే చాలు, బండి ఆగిపోతుంది.

జేజి పొయ్యిలోకి కట్టె ఎగదోసింది, మళ్లీ వెనక్కి లాగింది. నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"మాది నంద్యాల అవతల. ఈ ఇంటికొచ్చి నలభై ఏండ్లాయ. పుట్టింటికి రెండు తూర్లు పోయినా, రెండు తూర్లూ చావుకే. నాకూ ఆ జబ్బు ఉండాదేమో పాపా. పేరు తెలీక పని చేసుకుంటా ఉండిపోయినా."

తర్వాత, మీ తాతకు చెప్పొద్దు అని, లేచి నువ్వులు వేయించడం మొదలుపెట్టింది. మర్నాడు చిన్నమ్మ వెంట పంపిన మూటలో నువ్వుండలతో పాటు జేజి కట్టుకోకుండా దాచుకున్న కొత్త చీర కూడా ఉంది. చిన్నమ్మ జేజి కాళ్లకు మొక్కితే, మూడు నెలలన్నాడు గదా, నాలుగుండి రా అంది. నేను బండి వెనక చాలా దూరం పరిగెత్తాను. తర్వాత చాలా రోజులు మా అమ్మను తల దువ్వనివ్వలేదు.

చిన్నమ్మ నాలుగు నెలలకు చెంపలు నిండి, గలగలా మాట్లాడుతూ తిరిగి వచ్చింది. అప్పటినుంచి ఏటా ఏదో ఒక వంక పెట్టి జేజే ఆమెను పుట్టింటికి పంపేది.

పెద్దయ్యాక ఆ మాటను సెలవు చీటీల్లో, పత్రికల్లో ఎన్నోసార్లు చూశాను. ఫలానా పెద్దమనిషికి అస్వస్థత అని చదివినప్పుడల్లా, పాపం ఆయన మనసు ఏ ఊళ్లో ఉందో అనుకుంటాను. జేజి మాత్రం నంద్యాల వైపు మళ్లీ వెళ్లకుండానే మా ఇంట్లో కన్నుమూసింది. పొయ్యి దగ్గర ఆమె ఆ మాట చెప్పిన రోజు కాగితం, పెన్సిలు నా చేతికి అందేంత దగ్గరలోనే ఉన్నాయి. వైద్యుడూ ఇంకా ఎంతో దూరం వెళ్లి ఉండడు. జేజికీ ఒక చీటీ రాయించాలని పదేళ్ల పిల్లకు తోచలేదు. డెబ్భై ఏళ్లుగా తోస్తూనే ఉంది.